నవాబు బొటనవేలు

తోడేలు నోరు తెరవలేదు. ముబషిరాకు అందుకే ఎక్కువ భయం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు. గరిటెల కార్ఖానాకు సెలవు. ఉదయగిరి కొండ కింద రేకుల గదిలో ఆమె కళ్ళకు వీఆర్ హెడ్‌సెట్ కట్టుకుని నిలబడి ఉంది. బయట ఎండకు రేకులు చిటపటమంటున్నాయి. ఆమె కళ్ళ ముందు మాత్రం చల్లని పాలరాతి దర్బారు. అందులో ఆమె నీలం అంగరఖా వేసుకున్న, మెలితిప్పిన మీసాల మగవాడు. పేరు నవాబు.

గేముల మీద కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడే నవాబు చానెల్‌ను పదకొండు వేల మంది చూస్తారు. గొంతు మార్చే సాఫ్ట్‌వేర్ ఆమె మాటను బొంగురు మగగొంతుగా మారుస్తుంది. నవాబు ఆడపిల్ల అని, ఇరవై మూడేళ్ళదని, పదేళ్ళుగా చెక్క గరిటెలు చెక్కుతోందని లోకంలో ఎవరికీ తెలియదు. తల్లి హసన్‌బీకి కూడా తెలియదు. చేజర్లలో ఉండే మేనమామ కొడుకు కువైట్ నుంచి తెచ్చుకుని, తల తిరుగుతోందని మూలన పడేసిన బుట్టేదో కూతురు తలకు తగిలించుకుని ఆడుకుంటోందని మాత్రమే ఆమెకు తెలుసు.

ఆ రోజు దర్బారుకు పాతికమంది వచ్చారు. ఒకడు అడిగాడు. "నవాబన్నా, కన్సోల్ కొనాల్నా, హెడ్‌సెట్ కొనాల్నా?"

"కన్సోలంటే ఇంట్లో కుర్చీరా. కూర్చుంటావు, లేస్తావు, అంతే. వీఆరంటే ఏనుగెక్కడం. ఎక్కినంతసేపు బాగనే ఉంటాది. దింపేవాడు సరైనోడు కాకపోతే నడుం విరుగుతాది."

"మరి ఫోన్ గేములన్నా?"

"అవి గేములేందిరా. జేబుకు పట్టిన జలగలు."

అందరూ నవ్వారు. ఇంకొకడు దయ్యాల గేముల గురించి అడిగాడు. ముబషిరాకు ఇష్టమైన సంగతి అది. "అరిచి మీద పడేది చిల్లర దయ్యం. అది పోయినాక గుండె సర్దుకుంటాది. ఉలకకుండా పలకకుండా నిలబడి నిన్నే చూస్తాదే, అదీ దయ్యమంటే" అంది.

అప్పుడు కనిపించింది తోడేలు.

తలుపు దగ్గర బూడిద రంగు తోడేలు ముఖంతో ఎవరో నిలబడి ఉన్నారు. నెత్తి మీద పేరు తేలుతోంది, పిక్సెల్-3 అని. అది జనంలోంచి మెల్లగా నడిచి వచ్చి నవాబు ఎదురుగా ఆగింది. బల్ల మీది వెండి గిన్నె చేతిలోకి తీసుకుంది. కుడి బొటనవేలిని గిన్నె అంచు మీద పెట్టి, లోపలి నుంచి బయటికి లాగింది. గిన్నె కొంచెం తిప్పి మళ్ళీ లాగింది. చివరికి మూతి దగ్గరికి తెచ్చుకుని, ఊదుతున్నట్టు తల వంచింది.

తరవాత చూపుడువేలు ఎత్తి నవాబు చేతిని చూపించింది.

ముబషిరా తల దించి చూసుకుంది. అంగరఖా నీలం చేతికొస కింద తన చేతిలోనూ ఒక గిన్నె ఉంది. తన బొటనవేలు దాని అంచు మీద, లోపలి నుంచి బయటికి, మెల్లగా జారుతోంది. ఎప్పుడు తీసుకుందో ఆమెకు గుర్తు లేదు.

హెడ్‌సెట్ ఊడబెరికి మంచం మీద పడేసింది. వీపంతా చెమట.

"ఏమైందే?" హసన్‌బీ వంటింట్లోంచి అడిగింది.

"ఏం కాలా అమ్మీ."

"ఆ బుట్ట తలకు పెట్టుకోవద్దంటే వినవు. కండ్లు పోతే నిన్నెవరు చేసుకుంటారు?"

ముబషిరా తన చేతుల వైపు చూసుకుంది. ఆమెకు కళ్ళ భయం లేదు. చేతుల భయం.

మూడు వారాల కిందట నవాబు ఆత్మకూరులోని పిక్సెల్ అడ్డా అనే గేముల సెంటరు మీద ఒక వీడియో పెట్టాడు. మేడ మీద గది. నాలుగు హెడ్‌సెట్లు, రెండు కన్సోళ్ళు. కళ్ళు మూసి ఆడించే చోట మెట్లకు అడ్డం లేదు. చేజర్ల నుంచి వచ్చిన ఒక లెక్చరర్ ఆడుతూ ఆడుతూ మెట్ల మీద నుంచి దొర్లి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆయనే కట్టుతో ఉన్న ఫోటో పంపి నవాబుకు మొర పెట్టుకున్నాడు. వీడియో లక్షమంది చూశారు. అడ్డాకు గిరాకీ సగం పడిపోయింది.

యజమాని మోహన్‌కృష్ణ చిరునవ్వుతోనే జవాబు వీడియో పెట్టాడు. "నవాబైనా గరీబైనా సరే. ఆ మాట వింటే తెలుస్తాండాది, ఈ చుట్టుపక్కలోడే. దొరికిన రోజు వాడి రెండు చేతులకూ కట్లు కట్టించి పంపిస్తా. గేమూ ఉండదు, వీడియో ఉండదు."

అప్పుడు ముబషిరా నవ్వుకుంది. మగవాణ్ణి వెతుకుతున్నాడు, వెతకనీ అనుకుంది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పిక్సెల్-3 అంటే ఆ అడ్డాలోని మూడో హెడ్‌సెట్. దాన్ని తలకు తగిలించుకున్న ఎవరో తన వేలిని గుర్తుపట్టారు. ఆ వేలి పని కార్ఖానా మనుషులకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

* * *

శనివారం పొద్దున కార్ఖానాలో ఆమె పని చేయలేదు. చూస్తూ కూర్చుంది.

ఆరుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఆకురాళ్ళతో నర్ది అనే అడవి మాను చెక్కను అరగదీస్తున్నారు. చెక్కపొడి గాలిలో తేలుతోంది. ఒక్కో గరిటె నునుపు తేలగానే ఒక్కో బొటనవేలు దాని అంచు మీదికి పోతోంది. ముల్లులాంటి పేడు లేచి ఉంటే వేలికి తెలుస్తుంది. నోట్లో పెట్టుకునే వస్తువు గనుక కంటిని నమ్మకూడదు, వేలిని నమ్మాలి అని అమానుల్లా మేస్త్రీ మొదటి రోజే నేర్పుతాడు. ఏడాది తిరిగేసరికి మనిషికి తెలియకుండానే వేలు ఆ పని చేసేస్తుంది. టీ గ్లాసు పట్టుకున్నా అంచు తడుముతుంది. పెళ్ళిలో తాంబూలం పళ్ళెం అందుకున్నా తడుముతుంది. గాలిలో లేని గిన్నెను కూడా తడుముతుందని ముబషిరాకు నిన్ననే తెలిసింది.

ఈ మనుషుల్లో ఆత్మకూరు పోయేది ఒక్కడే. మేస్త్రీ అన్నకొడుకు షానవాజ్. సరుకు ఆటో వాడిదే.

"చాచా" అంది ముబషిరా, గొంతు మామూలుగా ఉండేట్టు చూసుకుంటూ. "ఆత్మకూరు కొట్టు వాళ్ళు గరిటెల కాడలు గీసుకుంటాండాయని చెప్పినారు గదా. నేను పోయి ఆడనే సాఫు చేసి వస్తా."

మేస్త్రీ కళ్ళద్దాల మీదుగా చూశాడు. "నువ్వా? ఎండలో యాడికీ కదలవే."

"ఒకసారి పోతే ఏమైతాది."

"పో. షానవాజ్ ఆటోలోనే పో. పొద్దుగూకే లోపల రావాల."

పిక్సెల్ అడ్డాలో ఒక నోటుబుక్కు ఉంటుందని ఆమెకు తెలుసు. హెడ్‌సెట్ పెట్టుకునే ప్రతి మనిషీ అందులో పేరు, ఊరు, హెడ్‌సెట్ నంబరు రాసి, పడితే అడ్డాకు పూచీ లేదని సంతకం పెట్టాలి. లెక్చరర్ చెప్పిన సంగతే. శుక్రవారం మూడు గంటలకు మూడో నంబరు ఎవరిదో ఆ పుటలో ఉంటుంది. తోడేలు ఎవరో తెలిస్తే కాళ్ళు పట్టుకుని అయినా నోరు మూయించవచ్చు. నవాబును మగవాడనుకుంటున్న చోటికి ఆడపిల్లగా పోవడమే క్షేమం కూడా. రాత్రంతా ఆలోచించి తేల్చుకున్న లెక్క అది.

దారి పొడుగునా షానవాజ్ పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. గంటన్నర. వాడు ఈల వేస్తూ నడుపుతున్నాడు.

"నువ్వు గేములు ఆడతావా భాయ్?" అని అడిగింది, ఎటో చూస్తూ.

"అడ్డాకు రెండు మూడు సార్లు పోయినా. ఆ మోహన్‌కృష్ణ మంచోడే. పోయినసారి అడిగినాడు, మీ ఉదయగిరిలో గేములు ఆడేవాళ్ళు ఎవరుండారని."

"నువ్వేం చెప్పినావు?"

"మా ఊర్లో గరిటెలు తప్ప ఏముండాయి సార్ అన్నా." వాడు నవ్వి ఆమె వైపు తిరిగాడు. "నువ్వెందుకు అట్లా చేతులు ఒళ్ళో దాచుకున్నావు? చలా?"

బయట ఎండ మండిపోతోంది. ముబషిరా చేతులు ఇంకా లోపలికి లాక్కుంది. వీడే అనుకుంది. వీడు అడ్డాకు తీసుకుపోయి అప్పగిస్తాడు. ఆటో ఆపమని దిగిపోదామనుకుంది. రోడ్డుకు అటూ ఇటూ ఎండిన చేలు తప్ప మనిషి లేడు.

* * *

కొట్టులో పని అరగంటలో ముగిసింది. అడ్డాకు పోదామని ఆమె అనగానే షానవాజ్ ఎగిరి గంతేశాడు.

మేడ కింద చెప్పులు విడిచి మెట్లెక్కారు. పద్దెనిమిది మెట్లు. లెక్కపెట్టింది. పైమెట్టుకు గేటు లేదు, కమ్మీ లేదు. పైమెట్టు నుంచి మూరెడు దూరంలో నేల మీద ఒక పొడవాటి పలక పరిచి ఉంది. ఎత్తయిన మేడ అంచున పలక మీద నడిచే ఆట కోసం. పలక రెండో కొస కౌంటరు దగ్గర.

కౌంటరు వెనక ఉన్న మనిషిని చూసి ముబషిరా అడుగు తడబడింది. ఏంజెలిన్. నాలుగేళ్ళు కార్ఖానాలో తన పక్కనే కూర్చుని ఆకురాయి పట్టిన మనిషి. పోయినేడు నెల్లూరులో ఉద్యోగం దొరికిందని చెప్పి మానేసింది, ఇక్కడ కనిపిస్తుందని ముబషిరా అనుకోలేదు. ఏంజెలిన్ ముఖంలో పలకరింపు లేదు. ఎవరో కొత్తవాళ్ళను చూసినట్టు నోటుబుక్కు ముందుకు తోసింది.

"పేరు, ఊరు రాయండి."

ముబషిరా రాస్తున్నట్టు వెనక పుట తిప్పింది. శుక్రవారం. ఒకటో నంబరుకు ఏడు పేర్లు. రెండుకు అయిదు. నాలుగుకు ఆరు. మూడో నంబరు ఎదుట ఏమీ లేదు. అడ్డా మనుషులే వాడితే సంతకం అక్కర్లేదు మరి.

అంటే తోడేలు ఈ గదిలోనే ఉంది.

ఆమె తల ఎత్తేసరికి ఎదుటి గోడ మీద పెద్ద టీవీ కనిపించింది. అందులో ఒకటే వీడియో మళ్ళీ మళ్ళీ ఆడుతోంది. నీలం చేతికొస, వెండి గిన్నె, అంచు మీద జారుతున్న బొటనవేలు.

"చూసినారా మేడం?" పక్కనుంచి గొంతు. ఇస్త్రీ చొక్కా, మంచి నవ్వు. మోహన్‌కృష్ణ. "వీడే నవాబు. గొంతు మార్చినాడు, ముఖం మార్చినాడు, చెయ్యి మార్చుకోలేకపోయినాడు. ఆ వేలేందో, వాతమో ఏమో నాకు తెలీదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫ్రీగా ఒక ట్రయల్ ఇస్తా. గిన్నె పట్టుకోమంటా. టీవీలో చూస్తా."

"నాకొద్దు సార్. భయం నాకు."

"ఆడోళ్ళను చూడాల్సిన పనిలేదు గానీ రూలు రూలే. వద్దన్నోడే నవాబు." గదిలోని కుర్రాళ్ళు గొల్లున నవ్వారు.

ముందు షానవాజ్ పెట్టుకున్నాడు. గిన్నెను మూటను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. వేలు అంచు మీదికి పోనే లేదు. సరుకు మోసే చెయ్యి అది, చెక్కే చెయ్యి కాదు. దారంతా వీణ్ణి చూసా తను వణికింది?

తరవాత ఆమె వంతు. హెడ్‌సెట్ తలకు బిగించారు. పది మంది చెమట వాసన. నురగ దిండు తడిగా అంటుకుంది. చీకటి, ఆ వెంటనే ఒక గది, బల్ల, బల్ల మీద గిన్నె.

చెయ్యి చాపితే చుట్టూ ఎర్ర గీతలు మెరవాలి, ఇక్కడిదాకే జాగా అని. మెరవలేదు. హద్దు గీయనే లేదు.

"గిన్నె పట్టుకోండి మేడం."

ఆమె బొటనవేలు అప్పుడే కదులుతోంది. ఆమెకు అది కనిపిస్తోంది. గాలిలో తేలే తెల్లని చెయ్యి, అంచు వైపు వంగుతున్న వేలు. పదేళ్ళ అలవాటు. ఆపడం కళ్ళార్పకుండా ఉండటం లాంటిది.

కొత్తవాళ్ళు ఎలా చేస్తారు? దీని మీదే నవాబు ఒక వీడియో చేశాడు. కొత్తవాళ్ళు తమ చేతుల వైపు చూసుకోరు. వేళ్ళు విప్పి గాలిలో గీరుతారు. బయట ఉన్న మనుషులతో గట్టిగా మాట్లాడతారు.

"ఏడుంది? నాకేం కనపళ్ళా. షానవాజ్ భాయ్, ఏడుండావు?" అని గాలిని తడిమింది. గిన్నెలోంచి చెయ్యి దూసుకుపోయింది. టీవీ దగ్గర నవ్వులు.

"ఇంకొంచెం కుడి పక్కకు."

చెయ్యి తగలగానే గిన్నె దానంతటదే అరచేతికి అతుక్కుంది. గేమే పట్టించింది. గుండ్రటి అంచు కళ్ళ ముందు మెరిసింది. వేలు లేచింది.

ముబషిరా కళ్ళు గట్టిగా మూసుకుంది. హెడ్‌సెట్ లోపల కళ్ళు మూసుకున్నారో తెరిచారో బయటివాళ్ళకు తెలియదు. చేతిలో బరువు లేదు, కంటి ముందు అంచు లేదు. వేలు దారి తప్పినట్టు ఆగిపోయింది. గుప్పిట విప్పేసింది. గిన్నె పడిన చప్పుడు, మళ్ళీ నవ్వులు.

"పోనీలెండి. ఇప్పుడు నడవండి."

కళ్ళు తెరిచేసరికి నలభై అంతస్తుల మేడ అంచున ఉంది. కాళ్ళ కింద సన్నటి పలక. కింద చీమల్లా కార్లు. అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఆ నలభై అంతస్తులు ఆమెను భయపెట్టలేదు. ఎదురుగా కనిపించకుండా ఉన్న పద్దెనిమిది మెట్లు భయపెట్టాయి. పలక అటు వైపే పోతోంది.

"నడవండి మేడం. ఏం కాదు." మోహన్‌కృష్ణ గొంతు టీవీ దగ్గర నుంచి వస్తోంది. అంటే ఎవరూ ఆమెను చూడటం లేదు. అందరూ తెరనే చూస్తున్నారు.

ఒక అడుగు. ఇంకొకటి. అరికాలి కింద చెక్క గరుకుగా తగులుతోంది. మరో అడుగు. కాలి బొటనవేలు ముందుకు పోయి పలక అంచు కోసం వెతికింది. చేతికి దొరకని పని కాలు చేస్తోంది. టీవీలో చేతులు కనిపిస్తాయి గానీ కాళ్ళు కనిపించవు.

వేలికి కొస తగిలింది. రంపంతో కోసి అలాగే వదిలేసిన కొస. అరగదీయలేదు, పేళ్ళు లేచి ఉన్నాయి. దీని తరవాత మూరెడు నేల. ఆ తరవాత మెట్లు.

"ఇంకో అడుగు" అన్నాడు మోహన్‌కృష్ణ.

ముబషిరా ఉన్నచోటే చతికిలబడింది. "నా వల్ల కాదు సార్. తీసెయ్యండి."

హెడ్‌సెట్ తీసింది ఏంజెలిన్. వెలుగు కళ్ళలో పొడిచింది. పైమెట్టు ఆమె మోకాలికి జానెడు దూరంలో ఉంది. కింద తన చెప్పులు చిన్నగా కనిపిస్తున్నాయి.

* * *

చెప్పులు చూపించే నెపంతో ఏంజెలిన్ మెట్ల కిందిదాకా వచ్చింది. షానవాజ్ పైనే కన్సోల్ దగ్గర ఉండిపోయాడు.

"తోడేలు నేనే" అంది, గోడ వైపు చూస్తూ.

"ఏమే, చంపేసినావు గదా నన్ను. రాత్రంతా నిద్ర లేదు."

"మాట్లాడితే మోహన్‌కృష్ణకు వినపడతాది. వాడు నా వెనకాలే కూర్చోనుండె. నాలుగు దినాల్నించి నీ చానెల్లోంచి తీసిన ఆ వీడియో పెట్టుకోని ఈ వేలేంది ఈ వేలేంది అని జపం. హెడ్‌సెట్లు చార్జింగ్ చూసే పని నాది. ఆ సందులో దూరి వచ్చినా. చేత్తో తప్ప ఎట్లా చెప్పేది?"

"నేనేనని నీకెట్లా తెలుసు?"

"నాలుగేండ్లు నీ పక్కన కూర్చున్నా ముబ్బీ. మనోళ్ళంతా అంచు మీద చుట్టూ రుద్దుతారు. లోపల్నించి బయటికి లాగేదానివి నువ్వొక్కదానివే. లాగి ఊదుతావు." ఏంజెలిన్ నవ్వబోయి ఆగింది. "ఇంక గిన్నెలు పట్టుకోవద్దు. చేతులు కనపడేట్టు ఆడొద్దు."

ముబషిరా మెట్ల వైపు చూసింది. "ఈ మెట్లకు గేటు పెట్టమని చెప్పలేదా నువ్వు?"

"చెప్పినా. గేటు పెడితే చూపుకు బాగుండదంట. రేపు ఆదివారం కాలేజీ పిలకాయలు నలభై మంది వస్తాండారు. నాలుగు హెడ్‌సెట్లూ ఒక్కసారే పెడతాడంట." ఆమె ముబషిరా మణికట్టు పట్టుకుంది. "నీ ఆలోచన నాకు తెలుసు. వీడియో పెట్టొద్దు. ఆ పలక ఈ పొద్దున్నే పరిచినాడు, ఇయ్యాల పెడితే ఇయ్యాల వచ్చినోళ్ళల్లోనే నవాబు ఉండాడని తెలుస్తాది. నోటుబుక్కులో ఇయ్యాల్టివి పదకొండు పేర్లే ఉండాయి. అందులో ఉదయగిరివి రెండు. పది దినాలాగు."

"పది దినాలకు నలభై మందా, నాలుగొందల మందా?"

ఏంజెలిన్ మణికట్టు వదిలేసింది. పైనుంచి మోహన్‌కృష్ణ పిలిచాడు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆరున్నరకు నవాబు వీడియో పెట్టాడు. రెండు నిమిషాలే. పలక పొడవు, పలక కొస నుంచి మెట్టుకు ఉన్న దూరం, మెట్ల సంఖ్య, గీయని హద్దు. "గేము భయపెట్టాల, నిజమే. కానీ గేము తీసేసినాక ఆ భయం పోవాల. పోకుండా ఎముకలో మిగిలేది గేము కాదు" అన్నాడు.

ఆదివారం కాలేజీ వాళ్ళు రాలేదు. ఆ మధ్యాహ్నమే మెట్లకు ఇనప గేటు బిగిస్తున్నారని ఏంజెలిన్ కబురు పంపింది. దాని కింద ఇంకో వాక్యం ఉంది. వాడు నోటుబుక్కు తీసుకుని కారెక్కినాడు, ఊరూరూ తిరుగుతాండాడు.

* * *

సోమవారం పది గంటలకు కార్ఖానా ముందు కారు ఆగింది.

ముబషిరా వరసలో అయిదోది. ఆకురాయి చేతిలోనే బిగుసుకుపోయింది. మోహన్‌కృష్ణ లోపలికి వచ్చి, మేస్త్రీకి నమస్కారం పెట్టి, షానవాజ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"శనివారం వచ్చినావు కదా తమ్ముడూ. ఒకసారి ఈ గరిటె పట్టుకో."

షానవాజ్ పట్టుకున్నాడు, గొడ్డలి పట్టుకున్నట్టు. మోహన్‌కృష్ణ పెదవి విరిచి తిరిగి పోబోయాడు. అప్పుడు వరస మొదట్లో కూర్చున్న మస్తానమ్మ గరిటె నునుపు చూసుకుంటోంది. బొటనవేలు అంచు మీద తిరిగింది.

అతను ఆగిపోయాడు.

పక్క మనిషి వేలు. ఆ పక్క మనిషి వేలు. కార్ఖానా అంతా అదే వేలు. అతని ముఖంలో నవ్వు మెల్లగా విచ్చుకుంది.

"పెద్దాయనా, ఈ వేలేంది?"

"పేడు చూడటం సార్" అన్నాడు అమానుల్లా మేస్త్రీ. "ఈడ పని చేసినోళ్ళంతా అంతే."

మోహన్‌కృష్ణ ఫోన్ తీశాడు. నీలం చేతికొస వీడియో పెట్టాడు. మస్తానమ్మ చేతి పక్కన ఫోను పెట్టి చూశాడు. తెరలో వేలు లోపలి నుంచి బయటికి పోతోంది. ఆమెది చుట్టూ తిరుగుతోంది. రెండో మనిషి. అదే. మూడో మనిషి. అతను వంగి, ఊపిరి తగిలేంత దగ్గరగా చూస్తున్నాడు.

ముబషిరా చేతిలో అప్పుడే అరగదీసిన గరిటె ఉంది. చెయ్యి ఆపేస్తే అనుమానం. చేస్తే వేలు తన దారిన తాను పోతుంది. నాలుగో మనిషి అయింది. నీడ ఆమె మీద పడింది.

"ఓ, మీరా మేడం? గిన్నె పారేసినారే. చెయ్యండి, చెయ్యండి. పని ఆపొద్దు."

కళ్ళు మూసుకుంటే ఇక్కడ కనిపిస్తుంది. ఆమె గరిటె వైపే చూస్తూ బొటనవేలిని అంచు మీద పెట్టింది. వేలు లోపలికి వంగబోయింది. ఆమె బలం కొద్దీ దాన్ని పక్కకు తోసింది. అంచు వెంబడి, చుట్టూ, మస్తానమ్మ రుద్దినట్టు. ఎన్నడూ పోని దారి. ఎంత గట్టిగా ఒత్తాలో వేలికి తెలియదు.

సగం చుట్టులో పేడు దిగింది. గోరు కిందికి, అంగుళంలో సగం.

ముబషిరా పెదవి కదలలేదు. కళ్ళలో నీళ్ళు తిరగకుండా మస్తానమ్మ కాలి మెట్టెల వైపు చూసింది. వేలు మిగతా సగం చుట్టు తిరిగి వచ్చింది. నెత్తురు అరచేతిలోకి జారి గుప్పిట్లో ఆగింది.

మోహన్‌కృష్ణ తెర చూశాడు. ఆమె చెయ్యి చూశాడు. మళ్ళీ తెర చూశాడు.

"ఏంది సార్ ఇది?" మేస్త్రీ లేచి వచ్చాడు. "ఆడకూతుళ్ళ చేతుల కాడ ఫోను పెట్టి చూస్తా ఉండావు. మీ ఊర్లో ఇది మర్యాదా?"

"నాకు ఆడోళ్ళతో పని లేదు పెద్దాయనా. నాకు కావాల్సింది మగోడు." అతను ఫోన్ జేబులో వేసుకున్నాడు. "ఈడ పని చేసి మానేసిన మగోళ్ళెవరైనా ఉండారా?"

"మగోళ్ళు ఉలి పట్టేది చూసి ఇరవై ఏండ్లయింది."

మోహన్‌కృష్ణ నవ్వాడు. ఆరో మనిషిని చూడకుండానే వెళ్ళిపోయాడు. వాకిట్లో ఆగి, "మళ్ళీ వస్తా" అన్నాడు. కారు చప్పుడు కొండ మలుపు దాటింది.

మేస్త్రీ ముబషిరా ముందు కూర్చుని, గుప్పిట విప్పించి, సూది కాల్చి పేడు తీశాడు. పసుపు అద్ది గుడ్డ చుట్టాడు. ఒక చేతికి కట్టు పడింది.

"పదేండ్లలో నీకు పేడు దిగింది చూడలా" అన్నాడు చిన్నగా. "అట్లా చుట్టూ రుద్దమని నీకెవరు చెప్పినారు?"

ఆమె తల వంచుకుంది. మేస్త్రీ సూది పక్కన పెట్టి లేచాడు. ఇంకో గరిటె తెచ్చి ఆమె ఎడమ చేతిలో పెట్టాడు.

"వాడు పోయినాడు. నీ పద్ధతిలోనే చెయ్యమ్మా."

ముబషిరా కట్టు కట్టిన వేలిని గరిటె అంచు మీద పెట్టింది. లోపలి నుంచి బయటికి. పదేళ్ళుగా నిద్రలో కూడా పోయిన దారి. వాకిలి వైపు చూసింది. మళ్ళీ వేలి వైపు చూసింది.

వేలు కదలలేదు.